ఊఁ కొట్టని చోటు

జనార్దన్‌రావు దగ్గర భార్య గొంతు పదకొండు సెకన్లే ఉంది. ఎవరిదో పెండ్లిలో తీసిన వీడియో ముక్క అది. అందులో నర్మద ఫొటోలు తీసేవాడితో, "ఇటు కాదు నాయనా, పెండ్లిపిల్ల అటున్నది" అంటుంది. అంతే. ఆమె పోయిన ఈ ఎనిమిది నెలల్లో దాన్ని ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే తెలియదు. సుల్తానాబాద్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి ఆ ఒక్క లెక్క మాత్రం పెట్టుకోలేదు.

డిసెంబరు మొదటి వారంలో కరీంనగర్ నుంచి మక్బూల్ ఫోన్ చేశాడు.

"సార్, మీతోని జర పనిబడ్డది. కాగజ్‌నగర్ పిల్ల ఒకామె ఉన్నది, అతియా అని. ఆమె రాసిన టేసన్ కథ నర్మద భాభీ సగం దాక విన్నది. మిగిలిన సగం మీరు వినాలె."

"నాకేం తెలుసు మక్బూల్? నేను ఆ సీరియలే ఎన్నడు వినలే."

"తెల్వకుంటెనే మంచిది సార్. ఊఁ కొట్టుడే గద. భాభీది మొదటి సగం రికార్డింగు ఆ పిల్ల దగ్గరనే ఉన్నదట."

జనార్దన్‌రావు దిద్దుతున్న పేపర్ల మీద పెన్ను పెట్టేశాడు.

"ఎన్నడు రావాలె?" అన్నాడు.

'మూడో బోగీ' అనేది ఫోన్లో వినే సీరియల్. కాజీపేట నుంచి బల్లార్షా దాకా తిరిగే ప్యాసింజర్ రైళ్లలో మమతారాణి అనే టీసీ ఉంటుంది. భాగానికో ప్రయాణికుడు, అతనికో చిక్కు. టికెట్ చూసే నెపంతో ఆమె ఆ చిక్కు విప్పుతుంది. అరవై భాగాలు వచ్చి ఆగిపోయింది. సీరియల్ ఆగినా విన్నవాళ్లు ఆగలేదు. మమతారాణిని పెట్టి వాళ్లే కొత్త కథలు రాయడం మొదలుపెట్టారు. ఒక్కో కథ ఒక్కో స్టేషన్లో జరగాలి కాబట్టి కథను టేసన్ అనేవారు. కరీంనగర్‌లో ఫొటో ఫ్రేముల దుకాణం నడిపే మక్బూల్ వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు.

మొదటి ఏడాది కథ కింద అభిప్రాయాలు రాసేవారు. మంచిర్యాల ఆయన ఒకరు రాసిన టేసన్ కింద ఎవరో "సాగదీసిండు" అని ఒక్క మాట రాశారు. ఆ ఒక్క మాట మీద నాలుగు రోజులు కొట్లాట జరిగింది. ముగ్గురు గ్రూపు విడిచిపోయారు. నాలుగో ఆయన మాత్రం విడిచిపోతున్నానని రెండు పేజీలు రాసి, విడిచిపోకుండా ఉండిపోయాడు.

అప్పుడు నర్మద ఒక పద్ధతి తెచ్చింది. ఆమె ఎన్నడూ ఒక్క టేసన్ రాయలేదు. విననిదంటూ కూడా లేదు. ఆదిలాబాద్‌లో ఆమె పుట్టింట్లో నాయనమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ రాకపోతే ముసలమ్మ పిల్లలను తిట్టేది కాదు. "కథ ఏడ జారింది?" అని తనను తానే అడిగి, వెనక్కి పోయి మళ్లీ చెప్పేది. నర్మద దాన్నే గ్రూపులో పెట్టింది. రాసినవాళ్లు ఫోన్లో ఒక్కరికి చదివి వినిపించాలి. వినేవాళ్లు ఊఁ తప్ప ఇంకో మాట అనకూడదు. రాసినవాళ్లు దాన్ని రికార్డు చేసుకొని, ఊఁ ఆలస్యమైన చోట, రాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకొని, దిద్దుకోవాలి. దిద్దుకున్నాక రికార్డింగు తీసేయాలి. దాన్ని మూడో మనిషి వినకూడదు. డిసెంబరులో ఒక ఆదివారం అందరూ కరీంనగర్‌లో కలిసినప్పుడు, మొదటి నుంచి చివరి దాకా ఎవరో ఒకరు విని ఊఁ కొట్టిన టేసన్లే చదవాలి.

కొట్లాటలు ఆగిపోయాయి. నర్మద ఊఁకు గిరాకీ పెరిగింది. మక్బూల్ తాను రాసిన టేసన్ ఆమెకు వినిపించి, రికార్డింగు వేసుకొని విన్నాడు. "మొత్తం కథల మూడు ఊఁలు పడ్డయి సార్, అండ్ల ఒకటి దగ్గు" అని ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతాడు. మళ్లీ రాయలేదు.

"ఊఁ కొట్టుడు గూడ ఒక నౌకరేనా?" అని జనార్దన్‌రావు భార్యను ఆటపట్టించేవాడు.

"మీరు పోరగాండ్ల పేపర్ల మీద ఎర్రగ గీతలు పెడ్తరు. నేను సిరా అంటకుంట దిద్దుతున్న" అనేది ఆమె.

అందరూ కలిసే ఆ ఆదివారం పొద్దున పదింటికే ఆయన మక్బూల్ దుకాణం చేరుకున్నాడు. టవర్ సర్కిల్ దగ్గర సందులో ఇరుకైన కొట్టు. గోడల నిండా ఖాళీ ఫ్రేములు. లోపల రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. నర్మద ఫొటోకు ఫ్రేము కట్టింది కూడా ఇక్కడే. ఆ రోజు మక్బూల్ అద్దం తుడిచిన గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు.

అతియాకు ఇరవై నాలుగేళ్లుంటాయి. కాగజ్‌నగర్‌లో ఒక మందుల షాపులో పని చేస్తుంది. తెల్లారుజామున రైలెక్కి వచ్చింది. చేతిలో పెద్ద నోటు పుస్తకం, చెవి వెనక పెన్సిల్.

"నమస్తే సార్. ఆంటీ మీ గురించి చెప్పేది. మా సార్ పక్కింట్లనే ఉంటడు, అయిన నా ఫోన్ల ఏమున్నదో తెల్వది అని."

"పక్కింట్ల కాదు, ఒక్క ఇంట్లనే ఉన్న" అన్నాడు ఆయన.

"అట్లనే అనేది సార్, నవ్వుకుంట."

అతియా టేసన్ పేరు 'కాగజ్‌నగర్'. కాగితపు మిల్లు మూతబడిన రోజుల కథ అది. మిల్లులో పనిచేసే బాలమల్లు పని పోయిన సంగతి భార్య దేవవ్వకు చెప్పడు. రోజూ పొద్దున సద్ది డబ్బా పట్టుకొని బయలుదేరతాడు. రైలెక్కి మంచిర్యాల దాకా పోయి, సాయంత్రం తిరిగి వస్తాడు. పాస్ గడువు అయిపోయిన రోజు మమతారాణి చేతికి చిక్కుతాడు. మొదటి సగం అక్కడికి. సంగతి ఇంత వరకు చెప్పి అతియా రెండో సగం చదవడం మొదలుపెట్టింది. ఫోన్ మధ్యలో పెట్టి రికార్డింగు నొక్కింది.

జనార్దన్‌రావు ఊఁ అన్నాడు. రెండు వాక్యాలకొక ఊఁ. ఒకటి పొడుగు లేదు, ఒకటి పొట్టి లేదు. కళ్లు మాత్రం ఆ ఫోన్ మీదనే ఉన్నాయి. అందులోనే ఎక్కడో నర్మద ఉంది. ఈ పిల్ల మనసు నొప్పించకుండా ముగించుకుంటే అడగవచ్చు. ఎట్లా అడగాలి? ఊఁ. నియమం ఉంది కదా, ఇస్తుందా? ఊఁ.

అతియా చదవడం ఆపేసింది.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు ఊఁ కొడ్తున్నరా, హాజరు పలుకుతున్నరా?"

గల్లా దగ్గర కూర్చున్న మక్బూల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు జనార్దన్‌రావు.

"ఏది మంచిగున్నది సార్? ఇప్పుడు మమతారాణి ఏడికి పోయింది?"

ఆయనకు ముప్పై ఏళ్ల కింద కాలేజీలో నల్లబల్ల ముందు నిలబడి తెల్లముఖం వేసిన రోజు గుర్తుకు వచ్చింది.

"నేను వినలే" అన్నాడు చివరికి. "అబద్ధమెందుకు? నువ్వెప్పుడు అయిపోగొడ్తవా అని చూస్తున్న. నీ దగ్గర మా ఆమె రికార్డింగు ఉన్నదన్నరు. అది అడుగుదామని వచ్చిన. నిన్ను మెచ్చుకుంటె ఇస్తవనుకున్న."

అతియా పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుంది. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ఆంటీ పోయినంక ఇంకెవలకు వినిపియ్యబుద్ధి గాలే సార్. అందరు మంచిగున్నది, మంచిగున్నది అంటరు. ఆంటీ ఊఁ అననప్పుడే నాకు ధైర్యముండేది. ఎందుకంటె అన్నప్పుడు అది నిజం." ఫోన్ చేతిలోకి తీసుకుంది. "దిద్దుకున్నంక తీసెయ్యాలె అది. తీసెయ్యలే. తప్పే. మక్బూల్ భాయ్, మూడో మనిషి వినొద్దని గద కాయిదా?"

"సార్ మూడో మనిషెట్లయితడు?" అన్నాడు మక్బూల్, తల ఎత్తకుండా ఫ్రేముకు మేకు కొడుతూ. "సార్, భాభీ కలిస్తెనే ఒకటి."

అతియా ఇయర్‌ఫోన్లు తీసి, రుమాలుతో తుడిచి ఆయనకు ఇచ్చింది. ఫైలు మీద తేదీ ఉంది. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. ముప్పై రెండు నిమిషాలు.

ముందు అతియా గొంతు. "ఆంటీ, షురూ చేయాల్నా?" తర్వాత, ఇల్లు. ఆయన ఇల్లు. వంటింట్లో ఫ్యాను టకటక, వీధిలో ఉల్లిగడ్డల బండివాడి అరుపు, చిక్కుడుకాయ తుంచుతున్న చప్పుడు. వాటి నడుమ నర్మద.

"ఊఁ."

మొదట్లో పొట్టి ఊఁలు, చేతిలో పని ఉన్నవి. బాలమల్లు డబ్బా పట్టుకొని రైలెక్కగానే చిక్కుడుకాయ చప్పుడు ఆగింది. "ఊఁ?" ఇది అడిగే ఊఁ. ఎందుకు ఎక్కిండు అని. మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద బాలమల్లు ఒకే బెంచీ మీద కూర్చుంటే కుక్క ఒకటి అతన్ని స్టేషన్ నౌకరు అనుకుంటుంది. అక్కడ ఊఁలో సగం నవ్వు. ఆకాశం ఎంత ఎర్రగా ఉందో అతియా ఒక పేరా చదివింది. అక్కడ ఊఁ లేదు. రెండు ఊపిరుల తర్వాత ఒకటి వచ్చింది, మర్యాదకు. జనార్దన్‌రావు పెదవులు కదిలాయి. అది తనకు బాగా తెలిసిన ఊఁ. తాను స్టాఫ్ రూమ్ రాజకీయాలు చెప్పినప్పుడల్లా పడేది.

చివరికి మమతారాణి బాలమల్లును పట్టుకుంది. ఎదురుగా కూర్చొని, "డబ్బాల ఏమున్నది?" అని అడిగింది. బాలమల్లు మూత తీశాడు. చేపల కూర. మిల్లులో అన్నం తినడానికి ఇచ్చేది ఇరవై నిమిషాలే. అందుకని దేవవ్వ పద్నాలుగేళ్లుగా రొట్టెలో తొక్కు చుట్టి పెట్టేది. ముళ్లు తీసుకుంటూ తినేంత తీరిక మిల్లులో ఎవరికీ ఉండదు. ఈ రోజు ముళ్ల చేప పెట్టింది. బాలమల్లు డబ్బా వంక చాలాసేపు చూశాడు. మమతారాణి టికెట్ల పుస్తకం మూసి, "ఎప్పటి సంది తెలుసో ఆమెకు" అంది.

ఊఁ రాలేదు.

అతియా చదువుతూ పోయింది. బాలమల్లు ఒక్కొక్క ముల్లూ తీసి కాగితం మీద పెడుతున్నాడు. ఊఁ లేదు. నలభై సెకన్లు. వినబడేది ఒక్కటే, గాజుల చప్పుడు. ఒకటి పైకి జరిగింది. ఆగింది. ఇంకొకటి. ఆగింది. ఇంకొకటి.

తర్వాత నర్మద మాట్లాడింది. "ఇయ్యాల్టికి చాలు బిడ్డా. మిగిలింది మళ్ల వింట."

ఫైలు అయిపోయింది. జనార్దన్‌రావు ఇయర్‌ఫోన్లు తీయలేదు. అవి చెవుల్లో ఉన్నంతసేపు ఎవరూ ఏమీ అడగరు.

అతియానే ఉండబట్టలేక అడిగింది. "ఆఖర్ల విన్నరు గద సార్? ఆంటీకి విసుగొచ్చింది. గాజులతోటి ఆడుకుంటున్నది. చాలు అన్నది గూడ. అందుకే ఆ మూడు పేజీలు కొట్టేసిన."

"కొట్టేసినవా?"

"డబ్బా ముచ్చట మొత్తం తీసేసిన. ఇప్పుడు కథల చేపల కూర లేదు." అతియా పెన్సిల్‌ను చెవి వెనక నుంచి తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుంది. "అది మా ఇంట్ల ముచ్చటే సార్. మా అబ్బా మిల్లు మూసినంక మూడు నెలలు అట్లనే రైలెక్కిండు. మా అమ్మీ ఒకనాడు చేపల కూర పెట్టింది. మా ఇంట్ల ముచ్చట బయటోళ్లకు ఏం పడ్తది, అందుకే ఆంటీకి విసుగొచ్చింది అనుకున్న."

జనార్దన్‌రావు ఇయర్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టాడు.

"అది విసుగు కాదు బిడ్డా. ఆమె ఏడుపు ఆపుకుంటున్నది."

"నిజమా సార్?"

"ఏడుపొస్తె గాజులు ఒక్కొక్కటి మోచేతి దాక నెడ్తది. అన్ని పైకి పోయేలోపట ఏడుపు ఆగాలె. మా మామ పోయిన నాడు అట్లనే చేసింది. ముప్పై ఏండ్ల సంది చూసిన. ఇంకెవలకు తెల్వది."

అతియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మక్బూల్ మేకులు కొట్టడం ఆపాడు.

ఆయన చెప్పదలచుకున్నది అంతే. కానీ మాట ఆగలేదు.

"జనవరిల డాక్టరు నన్ను ఒక్కన్నే లోపలికి పిలిచి చెప్పిండు. ఇంక మూడు నాలుగు నెలలు అన్నడు. బయట కుర్చీల కూసున్న ఆమెతోని నేను అల్సర్ అని చెప్పిన."

"ఊఁ" అంది అతియా మెల్లగా.

"రిపోర్టు నా బడి సంచిల పేపర్ల కింద పెట్టిన. ఆమె ఎన్నడు అడగలే. తెల్వదనుకున్న."

"ఊఁ."

"ఆమెకు అబద్ధం చెప్పి పంపిన అని ఇన్ని దినాలు... ఏదన్న చెప్పుకునేది ఉండె కావచ్చు, నా మూలంగ చెప్పుకోలే అనుకున్న." ఆయన బల్ల మీది తీగను వేలితో పక్కకు జరిపాడు. "నేను తొందరతొందరగ తింట. అందుకని చేప వండితె ఆమెనే ముళ్లు తీసి పెట్టేది. ఆమె నీ కథ విన్న ఆ ఆదివారమే, నేను పదో తరగతోళ్లకు క్లాసు చెప్పి ఇంటికి పోయిన. రవ్వ చేప వండింది. ముళ్లు తియ్యకుంట పెట్టింది. ఎదురుంగ కూసున్నది. మెల్లగ తినుండ్రి, తొందరేమున్నది మనకు, అన్నది."

ఈసారి అతియా ఊఁ అనలేదు. గాజులు లేని చేతులతో చున్నీ అంచు పట్టుకొని కూర్చుంది.

"నేను తొందరగనే తిని లేచిన" అన్నాడు జనార్దన్‌రావు.

మక్బూల్ బయటికి పోయి మూడు చాయలు తెచ్చాడు. తాగడం అయ్యాక జనార్దన్‌రావు గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆ మూడు పేజీలు ఉన్నయా?"

"చింపలే సార్. అడ్డగీత కొట్టిన, అంతే."

"అక్కడి సంది చదువు. ఈసారి వింట."

అతియా మళ్లీ రికార్డింగు నొక్కి చదివింది. చేపల డబ్బా మూత మళ్లీ తెరుచుకుంది. ఆయన ఊఁలు ఈసారి ఒక్క తీరుగా రాలేదు. ఒకటి గొంతులోనే ఉండిపోయింది. ఒకటి వాక్యం పూర్తికాకముందే పడింది. తర్వాత రెండో సగం వచ్చింది. మమతారాణి కాగజ్‌నగర్‌లో దిగి, బాలమల్లు ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. దేవవ్వ గుమ్మంలో నిలబడి ఉంటుంది. మమతారాణి ఆమెకు చెప్పడం మొదలుపెడుతుంది. నీ పెనిమిటి నీ కోసమే అబద్ధమాడిండు, నువ్వు బాధపడొద్దని ఇన్ని దినాలు రైళ్లల్ల తిరిగిండు, ఆయన మనసు వెన్న. అట్లా రెండు పేజీలు.

జనార్దన్‌రావు ఊఁ అనలేదు.

అతియా ఒక పేరా చదివి ఆగింది. ఇంకొక పేరా చదివింది. ఆయన మూసిన పెదవులతో ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో గద్దింపు లేదు. బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లకు జవాబు దానంతట అదే తట్టే దాకా ఆగే మాస్టరు చూపు అది. ఆమె గొంతు నెమ్మదించింది. పేజీ తిప్పి, వెనక్కి తిప్పింది.

"ఆమెకు ముందే తెలుసు" అంది తనలో తాను. "చేప పెట్టినప్పుడే తెలుసు. ఇంక ఈమె పోయి చెప్పేదేమున్నది?"

ఊఁ తప్ప ఇంకో మాట అనకూడదు. ఆయన అనలేదు.

"డబ్బా తీసేసిన కాబట్టి ఎవలో ఒకలు చెప్పవలసి వచ్చింది. నేనే గోతి తవ్వి, నేనే పూడ్చిన." పెన్సిల్ తీసి, రెండు పేజీల మీద నిలువుగా గీత గీసింది. గీస్తున్నప్పుడు ముఖంలో బాధ లేదు. "హబ్బ, ఈ రెండు పేజీలకు వారం రోజులు నిద్ర చెడగొట్టుకున్న సార్."

"ఊఁ" అన్నాడు జనార్దన్‌రావు.

మక్బూల్ పకపకా నవ్వాడు. "చూడు, ఈ ఊఁ భాభీదే!"

మధ్యాహ్నం దుకాణం పైనున్న గదిలో నలభై మంది దాకా చేరారు. మంచిర్యాల ఆయన కూడా వచ్చాడు. అతియా చదవడానికి లేచినప్పుడు మక్బూల్ పద్ధతి ప్రకారం ప్రకటించాడు. "కాగజ్‌నగర్ టేసన్. మొదటి సగం ఊఁ, నర్మద. రెండో సగం ఊఁ, జనార్దన్‌రావు." చేపల డబ్బా తెరిచినప్పుడు గదిలో ఒక్క ఊఁ కూడా లేదు. వెనక వరుసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. మమతారాణి గుమ్మం దాకా పోయి, దేవవ్వ ముఖం చూసి, మంచినీళ్లు అడిగి తాగి, వెనక్కి వచ్చేసింది. కథ అయిపోయింది.

జనార్దన్‌రావు బస్సుకు బయలుదేరుతుంటే అతియా మెట్ల దాకా వచ్చింది. రికార్డింగు సంగతి ఆయన ఎత్తలేదు. పద్ధతి పెట్టింది నర్మద. ఆమె పెట్టినదాన్ని తానే విరగ్గొట్టమని అడగడానికి నోరు రాలేదు.

"పోయొస్త బిడ్డా. రాసుడు ఆపకు."

"మీరు వింటానంటె ఆపను సార్."

బస్సు కరీంనగర్ దాటింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోన్ మోగితే తీశాడు. అతియా ఒక ఫైలు పంపింది. కింద రాసి ఉంది: "సార్, ఊఁ రాసినోళ్లదే గద. నాది నేను ఎవలకన్న ఇచ్చుకోవచ్చు. ఆంటీది ముందట, మీది వెనక, రెండు కలిపిన. ఆంటీ తర్వాత మీది వింటె, మీకు ఇంక జర ప్రాక్టీసు కావాలె. వచ్చే నెల ఇంకో టేసన్ వినిపిస్త."

ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఫ్యాను టకటక, ఉల్లిగడ్డల బండి, చిక్కుడుకాయ. బయట వరి కోసిన మడులు వెనక్కి పోతున్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన కునుకు తీస్తున్నాడు. కుక్క బాలమల్లును చూసి తోక ఊపింది. నర్మద సగం నవ్వింది. మమతారాణి ఎదురుగా కూర్చుంది. బాలమల్లు మూత తీశాడు.

"ఎప్పటి సంది తెలుసో ఆమెకు."

ఒక గాజు పైకి జరిగింది. ఇంకొకటి.

"ఊఁ" అన్నాడు జనార్దన్‌రావు.

పైకే అన్నాడు. పక్కన ముసలాయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి, "సుల్తానాబాద్ వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంక రాలే" అన్నాడు ఆయన. "పండుకో పెద్దాయనా. తొందరేమున్నది."